తగ్గించమని వచ్చే మనిషి

మా కంప్యూటర్ సెంటర్ వెబ్‌సైటులో ఒక పేజీ ఉంది. లాగిన్ అయితే మీ మెషీన్ పేరు, దాని కింద అడ్డంగా ఒక గీత, గీత మీద ఒక చుక్క కనిపిస్తాయి. చుక్కను కుడివైపు జరిపితే మీ మెషీన్‌కు ప్రాసెసర్ ఎక్కువ అందుతుంది, ఎడమవైపు జరిపితే తక్కువ. ఎవరినీ అడగక్కర్లేదు. కింద ఉన్న ఆకుపచ్చ బటన్ నొక్కితే చాలు. ఆ పేజీ తయారుచేసింది నేనే. బాగా చేశావని మా సెంటర్ హెడ్ సర్ అందరి ముందూ మెచ్చుకున్నారు. ఈ ఉద్యోగంలో నాకు దొరికిన మెప్పు అదొక్కటే. అది గుర్తొస్తే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మేముండేది హబ్సిగూడలో. అమ్మా నాన్నా నేనూ. నాన్న ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను పని చేసే యూనివర్సిటీ క్యాంపస్ తార్నాక దాటాక ఉంటుంది. మెట్రోలో ఒక్క స్టేషనే కాబట్టి పొద్దున నడిచే వెళ్తాను. బయట ఎవరితోనూ అనని మాటలన్నీ ఆ దారిలో నాలో నేను అనుకుంటాను. సాయంత్రం ఇంటికొచ్చాక వాటిలో కొన్ని డైరీలో రాస్తాను. మిగతావి పోతాయి.

మా సెంటర్‌లో ఒక చల్లటి గది, అందులో ఒక పెద్ద సర్వర్ ఉన్నాయి. ఆ ఒక్కదాన్నే లోపల చిన్న చిన్న కంప్యూటర్లుగా పంచి రీసెర్చ్ స్కాలర్లకు ఇస్తాం. వాటినే వర్చువల్ మెషీన్లంటారు. చేత్తో ముట్టుకోవడానికి ఏమీ ఉండదు గానీ వాడుకునేవాళ్లకు సొంత కంప్యూటర్ ఉన్నట్టే ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో పైన ట్యాంకు ఒకటే ఉండి, ఒక్కో ఫ్లాటుకు ఒక్కో వాల్వు ఉంటుందే, అలాంటి ఏర్పాటన్నమాట. ఎవరి వాల్వు ఎంత తిప్పి ఉంటే వాళ్లకు అన్ని నీళ్లు. అందరూ పూర్తిగా తిప్పేస్తే అందరికీ సన్నధారే. ఏ మెషీన్ ఎంత ప్రాసెసర్ వాడుకోవచ్చో చెప్పే ఆ లిమిట్‌ను పెంచడం, తగ్గించడం నా పని.

ఆ పేజీ రాకముందు, కావలసినవాళ్లు నా కౌంటర్ దగ్గరకొచ్చి అడిగేవాళ్లు. అడగడానికీ ఒక పద్ధతి ఉండేది. ప్రాసెసర్‌ను కోర్లనే భాగాల లెక్కన ఇస్తాం. ఎలాగూ కోత పడుతుందని నాలుగు కావలసినవాడు ఎనిమిది అడిగేవాడు. నాకు కోత కోయడం చేతకాదు. నా పక్క టేబుల్ అక్కకు చేతనవును. ఆవిడ మా సీనియర్ ఆపరేటర్, ముషీరాబాద్ నుంచి వస్తుంది, ఎవరికీ జంకదు.

"ఎనిమిది కోర్లు కావాలె మేడం, అర్జెంటు," అని ఎవరో అంటారు. నేను కీబోర్డు వైపు చూస్తాను.

"ఎనిమిదేందిరా? నాలుగు సరిపోతయ్ నీకు," అంటుంది అక్క.

"ఆరన్నా ఇప్పియ్యక్కా."

"గిదేమన్నా కూరగాయల బండి అనుకున్నవా? నాలుగు. తీస్కొని పో."

తీసుకుని పోయినవాళ్లు మళ్లీ రారు. పని అయిపోయినా లిమిట్ అలాగే ఉంటుంది. నెలకోసారి నేనే పాత రిక్వెస్టులన్నీ చూసి, వాడకం లేని మెషీన్లకు ఒక్కొక్కటే తగ్గించేదాన్ని. ఇచ్చినదాన్ని ఎవరూ తిరిగి తెచ్చివ్వరు, అది అక్కడి రివాజు.

అతను మొదటిసారి వచ్చినప్పుడు మూడు అడిగాడు.

"మూడు కావల్ల మేడమ్. శుక్రవారం దాకా చాలు."

అక్క తలతిప్పి చూసింది. "మూడేంది సార్? అందరు ఎనిమిది అడుగుతరు."

"నా పనికి మూడే పట్టేదక్కా. నాలుగిస్తే ఒకటి ఊరికే పడి ఉంటాది."

జియాలజీలో పిహెచ్‌డి చేస్తున్నాడు. అనంతపురం వైపు మనిషి. భూమి లోపలి నీళ్లు ఏ ఊళ్లో ఎంత లోతుకు పోతున్నాయో లెక్కగట్టే ప్రోగ్రాము నడుపుతాడని ఆ తర్వాత అక్క అడిగితే చెప్పాడు. నేను ఆ రోజు మూడు పెట్టి, "అయింది," అన్నాను. అంతే. నీలం చొక్కా, చంకకు వేలాడే బ్యాగు, చెప్పులకు ఎర్రమట్టి. మొహం నేను సరిగా చూడలేదు.

శుక్రవారం మళ్లీ వచ్చాడు.

"అయిపోయింది మేడమ్. తగ్గించేయండి."

నాకర్థం కాలేదు. "పెంచాలా?" అన్నాను.

"కాదు మేడమ్. తగ్గించల్ల. ఒకటి చాలు ఇంగ."

నేను తలెత్తి చూసింది అప్పుడే. అతను నవ్వడం లేదు. నేను మూడును ఒకటి చేసేదాకా నిలబడి, స్క్రీన్ మీద ఒకటి కనబడ్డాక, "థాంక్స్ మేడమ్," అని వెళ్లిపోయాడు. అక్క పెన్ను టేబుల్ మీద పెట్టేసింది.

"ఇన్నేండ్ల సర్వీసుల తిరిగిచ్చేటోణ్ణి గిప్పుడే జూస్తున్న. మనిషేనా?"

అప్పటినుంచి అదే వరస. పని మొదలయ్యేటప్పుడు వచ్చి పెంచమనేవాడు, అయిపోయాక వచ్చి తగ్గించమనేవాడు. పెంచమని అందరూ వస్తారు. తగ్గించమని వచ్చేది అతనొక్కడే. వాళ్ల డిపార్టుమెంటు నుంచి మా సెంటర్‌కు దగ్గరేమీ కాదు. ఎండలో చెట్ల కింద నుంచి చాలాసేపు నడిచి రావాలి. ఒక్క అంకె మార్చమని చెప్పడానికి మనిషి అంత దూరం ఎందుకొస్తాడు? ఫోన్ చేయొచ్చు, మెయిల్ పెట్టొచ్చు, అందరిలా వదిలేయొచ్చు. నాకు తోచిన జవాబు ఒకటే. దాన్ని నేను డైరీలో కూడా రాయలేదు. రాస్తే పోతుందేమోనని భయం.

అక్క మాత్రం ఊరుకునేది కాదు. "ఏమే పోరి, మస్తు రెడీ అయి వచ్చినవ్ ఇయ్యాల. శుక్రవారమని ఎర్కనేనా?"

"అక్కా, ప్లీజ్."

"నేనేమన్న? ప్రాసెసర్ తగ్గించనీకి వస్తడు, అంటున్న. అంతే."

కౌంటర్ దగ్గర పని లేనప్పుడు నేను పుస్తకం చదువుకుంటాను. ఎక్కువగా నవలలే. నల్లకుంటలో పాత పుస్తకాలమ్మే షాపులో కొంటాను. చదువుతానని ఎవరికీ చెప్పను. ఇంట్లో కూడా పుస్తకం కనిపిస్తే, "పరీక్షలకు చదువుకోరాదూ," అంటారు. అందుకని ఎవరైనా వస్తే పుస్తకం మూసి కీబోర్డు కింద పెట్టేయడం అలవాటైపోయింది. అతను గుమ్మంలో కనిపిస్తే మరీ త్వరగా మూసేదాన్ని. ఏ పేజీలో ఉన్నానో గుర్తు కూడా పెట్టుకునేదాన్ని కాదు. అతను మాట్లాడే ఆ నాలుగు ముక్కలూ పూర్తిగా వినాలనిపించేది. చేతిలో పుస్తకం ఉంటే సగం వినబడదేమో అన్నట్టు చప్పుడయ్యేలా మూసేసి, చేతులు కీబోర్డు మీద పెట్టుకుని, స్క్రీన్ వైపు చూస్తూ ఎదురుచూసేదాన్ని. మొహం చూస్తే నా మొహంలో ఉన్నది తెలిసిపోతుందని, చూసేదాన్ని కాదు.

ఒకసారి అక్కే అడిగింది, "ఎందుకు సార్ గింత దూరం వస్తవు? ఉండనియ్యరాదూ, ఎవరడుగుతరు నిన్ను?" అని.

"మా ఊర్లో ఒకడు లోతుగా బోరేస్తే పక్కోడి బోరు ఎండిపోతాదక్కా. చిన్నప్పటినుంచి చూసినాను. ఊరికే పెట్టుకోని కూచుంటే నిద్ర పట్టదు," అన్నాడు.

ఆ మాటను నేను బాగానే విన్నాను. ఇంటికెళ్లి డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను కూడా. అయినా దాన్ని నాకు కావలసినట్టే అర్థం చేసుకున్నాను. అక్క ముందు నిజం చెప్పలేక బోర్ల సంగతి చెప్పాడనుకున్నాను.

ఇంకోసారి ఇటు పెంచమనీ కాదు, అటు తగ్గించమనీ కాదు, ఊరికే వచ్చాడు. వానాకాలం. గొడుగు లేదు. జుట్టు తడిసి ఉంది. నేను పుస్తకం మూశాను. అతను కౌంటర్ చెక్క మీద వేలితో రాస్తూ కాసేపు నిలబడ్డాడు.

"మేడమ్, కరెంటు పోతే మెషీన్ ఆగిపోతాదా?"

"లేదండి. యూపీఎస్ ఉంది."

"ఓ. సరే మేడమ్."

వానలోనే వెళ్లిపోయాడు. అక్క నా వైపు చూసింది. "గా ముచ్చట ఆయనకు తెల్వదా? ఇన్నొద్దుల సంది వాడుతున్నడు. నువ్వు కూసోమని అనొద్దా? బయట వాన కొడుతున్నది."

అనొచ్చని నాకు అప్పుడు తట్టింది. రెండో కుర్చీ నా పక్కనే ఉంది. దాని మీద నా టిఫిన్ బ్యాగు ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు సర్ నన్ను గదిలోకి పిలిచారు. సర్ కూడా మా గోదావరి జిల్లాల వైపువారే. రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డారు. ఎవర్నీ కసరరు.

"ఏమ్మా, ఒక పని చెప్తాను, చేసిపెడతావా? మొన్న యూజర్స్ మీటింగులో ఒకబ్బాయి మంచి మాటన్నాడు. ఈ ప్రాసెసర్ లిమిట్లేవో వాళ్లనే పెట్టుకోనివ్వండి సర్, ప్రతిదానికీ ఆ కౌంటర్లో అమ్మాయిని విసిగించడమెందుకు, అని. నాకూ నిజమే అనిపించింది. నీకూ తలనొప్పి తప్పుతుంది కదా."

నాకేం తలనొప్పి లేదు సర్, అందామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది ఇంకోటి.

"అందరూ ఫుల్ పెట్టేసుకుంటారేమో సర్."

"డిపార్టుమెంటుకింతని పై హద్దు మనం పెడదాం. దాని లోపల వాళ్లిష్టం. పెద్దవాళ్లే కదమ్మా అందరూ."

"సరే సర్."

ఆ పేజీ చేయడానికి నాకు చాలా రోజులు పట్టింది. పని కష్టమై కాదు. సర్వర్‌కు అంకె పంపేదెలాగో నాకు తెలుసు. ఒకరు మార్చింది ఇంకొకరికి తగలకుండా చూసుకోవడం, మధ్యలో నెట్ పోతే పాత అంకె అలాగే ఉండేలా చేయడం, ఇవన్నీ ఇష్టంగానే చేశాను. చేస్తున్న పని బాగా రావాలనే కోరిక నాకెప్పుడూ ఉంటుంది, అది పూర్తయితే నాకేమవుతుందో తెలిసినా సరే. గీత మీద చుక్క తేలిగ్గా జరిగేలా, ఫోన్‌లోంచి కూడా మార్చుకునేలా చేశాను. పరీక్షించడానికి ఒక ఉత్తుత్తి మెషీన్ పెట్టుకుని మూడు చేసి, ఒకటి చేసి, మళ్లీ మూడు చేశాను. బటన్ నొక్కిన క్షణంలో మారిపోతోంది. ఎండలో నడిచి రావడం, గుమ్మం దగ్గర ఆగడం, అయిపోయింది మేడమ్ తగ్గించేయండి అనడం, వీటిలో ఏదీ అక్కర్లేకుండా.

పేజీ అడుగున ఒక వాక్యం రాశాను. 'ఏ సందేహమున్నా కౌంటర్ దగ్గరకు రండి.' అది సరిపోదనిపించి, 'ఎప్పుడైనా రావచ్చు' అని మార్చాను. మళ్లీ, 'మార్చడం మీకు వచ్చినా, రావాలనిపిస్తే రావచ్చు' అని రాసి, సిగ్గేసి చెరిపేశాను. చివరకు మొదటిదే ఉంచాను. అంతకన్నా ధైర్యం చేసి నేను ఎవరికీ ఏమీ రాసి ఎరగను.

సర్ అంతా చూసి, "చాలా బాగుంది," అన్నారు. ఆ వాక్యం దగ్గర ఆగారు. "ఇదెందుకమ్మా? వాళ్లు రాకుండా ఉండాలనే కదా ఈ పేజీ? మెయిల్ ఐడీ ఇచ్చెయ్యి, చాలు."

మెయిల్ ఐడీ ఇచ్చేశాను.

పేజీ తెరిచిన మొదటి వారం నేననుకున్నట్టే అయింది. ప్రతి ఒక్కరూ చుక్కను కుడివైపు చివరిదాకా లాగేశారు. అన్ని మెషీన్లూ నత్తనడక నడిచాయి. ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు. ఫిజిక్స్ నుంచి ఒకబ్బాయి ఫోన్ చేసి అక్కతో పోట్లాడాడు.

"మా ల్యాబ్‌మేట్ ఫుల్ పెట్టిండు. ఆయన తగ్గిస్తే నేను తగ్గిస్త."

"ఆయనగూడ గదే అన్నడు పొద్దుగాల. ఇద్దరు ఒకటేసారి తగ్గించుర్రి. వన్, టూ, త్రీ అని నేను చెప్పాల్నా?"

కొన్నాళ్లకు సర్దుకుంది. ఎక్కువ పెట్టుకున్నంత మాత్రాన పని తొందరగా కాదని వాళ్లకే తెలిసింది. కౌంటర్ దగ్గర జనం తగ్గారు. మధ్యాహ్నాలు ఎవరూ రాకుండానే అయిపోయేవి. నేను పుస్తకాలు తొందరతొందరగా పూర్తిచేసేదాన్ని. ఏం చదివానో గుర్తుండేది కాదు. గుమ్మంలో నీడ పడితే చాలు, పుస్తకం మూసేదాన్ని. చాయ్ తెచ్చినవాడో, పోస్టు పట్టుకొచ్చినవాడో అయ్యుండేవాడు.

అతను రాలేదు.

పనేమీ లేకుండా వస్తాడనే నేననుకున్నాను. అదే నా పిచ్చి. నాకోసం వచ్చేవాడైతే పేజీ ఉంటే ఏం, లేకపోతే ఏం? ఇంకో సాకు దొరకదా? రోజూ అలా అనుకుంటూ తార్నాక మీదుగా నడిచేదాన్ని. ఒక వారం, ఇంకో వారం.

ఎవరు ఎప్పుడు ఎంత మార్చారో నా స్క్రీన్ మీద కనిపిస్తుంది. అది చూడటం నా డ్యూటీలో భాగమే. మిగతావాళ్ల అంకెలు ఒకసారి పెరిగితే అలాగే ఉండిపోయేవి. అతనిదొక్కటే పెరిగేది, పని కాగానే తగ్గేది. మూడు, మళ్లీ ఒకటి. నాలుగు, మళ్లీ ఒకటి. నా ముందు నిలబడి ఎంత పద్ధతిగా తగ్గించమనేవాడో, ఎవరూ లేని ఆ పేజీ ముందు కూడా అంత పద్ధతిగానే తగ్గిస్తున్నాడు. ఒక మధ్యాహ్నం ఆ అంకె నాలుగు నుంచి ఒకటికి పడటం నా కళ్లముందే చూశాను. అప్పుడు అర్థమైంది. అతను ఇన్నాళ్లూ వచ్చింది తిరిగివ్వడానికే. ఇవతల నేనున్నా, ఆకుపచ్చ బటనున్నా అతనికొకటే. బోర్ల గురించి అక్కతో అన్నది ఉన్న మాటే. నేనే దాన్ని నా వైపు తిప్పుకున్నాను.

బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను. కాసేపటికి బయటికొచ్చాను. అక్క తన డబ్బాలోంచి రెండు చపాతీలు నా ముందు పెట్టింది. "తిను," అంది.

చలికాలంలో ఒకసారి అతని అంకె పెరిగి, తగ్గలేదు. వాడకం కూడా లేదు. రోజులు గడుస్తున్నాయి, ఆరు ఆరులాగే ఉంది. అతనికేమైనా అయిందేమోనని నాకు అన్నం సహించలేదు. యూజర్ వివరాల్లో ఫోన్ నంబరుంది.

"ఫోన్ చెయ్యి. ఏమైతది? మింగుతడా?" అంది అక్క.

"ఏమని చెయ్యనక్కా?"

"బతికున్నవా సార్, అని అడుగు."

ఫోన్ చేయలేదు. మెయిల్ పెట్టాను, ఆఫీసు ఇంగ్లీషులో. మీ మెషీన్ వాడకంలో లేదు, లిమిట్ ఎక్కువగా ఉంది, దయచేసి చూడగలరు, అని రెండు లైన్లు. మీరు బాగున్నారా అని మూడో లైను రాసి తీసేశాను. మర్నాడు జవాబొచ్చింది. నాన్నకు ఒంట్లో బాగాలేక ఊరికి వెళ్లానని, మరిచిపోయినందుకు క్షమించమని, ఇకముందు ఇలా జరగదని. అంకె అప్పటికే ఒకటైపోయింది. ఆ జవాబును ఎన్నిసార్లు చదువుకున్నా అందులో నాకు దొరికింది క్షమాపణే. నాన్నగారికి ఎలా ఉందని అడగడానికి ఇంకో మెయిల్ తెరిచాను. సాయంత్రం సెంటర్ మూసేదాకా తెరిచే ఉంచి, మూసేశాను.

మళ్లీ అతన్ని చూసింది ఎండాకాలం మొదట్లో.

లిమిట్ పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మెషీన్‌ను పూర్తిగా తీసేయడం మాత్రం యూజర్ల చేతికివ్వలేదు. పొరపాటున ఎవరైనా ఏళ్ల కష్టం పోగొట్టుకుంటారని దాన్ని మా దగ్గరే ఉంచాం. థీసిస్ ఇచ్చేసినవాళ్లు కౌంటర్‌కొచ్చి, ఎదురుగా కూర్చుని తీయించుకోవాలి. ఆ సంగతి నాకు తెలుసు. ఒకరోజు అతను వస్తాడని, వచ్చేది అందుకేనని, చలికాలం నుంచీ తెలుసు. అయినా గుమ్మంలో కనిపించగానే పుస్తకం చప్పుడయ్యేలా మూసేశాను.

అతను అక్కడే ఆగిపోయాడు. నవ్వాడు.

"ఇప్పుడు గూడా మూసేసినారు మేడమ్."

నేను టిఫిన్ బ్యాగు తీసి కుర్చీ ఖాళీ చేశాను. కూర్చోండి అనలేదు, కుర్చీని కొంచెం అతనివైపు జరిపాను. అక్క భోజనానికి వెళ్లింది. అతను కూర్చున్నాడు.

"థీసిస్ ఇచ్చేసినా. మెషీన్ తీసేయల్ల."

"ఫైళ్లన్నీ కాపీ చేసుకున్నారా?"

"చేసుకున్నా మేడమ్. రెండు చోట్ల."

"నాన్నగారికి ఎలా ఉంది?" అన్నాను. చలికాలంలో రాయని మెయిల్ అది. చాలా చిన్న గొంతుతో వచ్చింది.

"బాగైపోయినాడు. పెద్ద ఊరోళ్ల మాదిరి వాకింగుకు గూడా పోతాన్నాడు." బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆ పేజీ భలే చేసినారు మేడమ్. అడిగింది నేనే. సర్ చెప్పినారా?"

నేను స్క్రీన్ మీంచి చూపు తిప్పాను. చెప్పలేదని తలూపాను.

"యూజర్స్ మీటింగులో నేనే లేసి అడిగినా. మీకు ప్రతిసారీ ఇబ్బంది పెడతాంటిని గదా. పాపం మీరు చదువుకుంటా ఉంటారు, నేను వస్తానే టక్కన మూసేస్తాంటిరి. మొహం గూడా ఎత్తరు. విసుగొచ్చినా పైకి చెప్పలేకపోతాన్నారు అనుకున్నా. ఎవురికి వాళ్లు పెట్టుకునేట్టు చేస్తే, నా బాధన్నా తప్పుతాది మీకు, అని."

"అదేం లేదండి," అన్నాను.

"కాదులెండి. మీరు మంచోళ్లు, అనరు. ఒకసారి వానలో వచ్చి యూపీఎస్ గురించి అడిగినా, జ్ఞాపకముండాదా? యూపీఎస్ ఉండాదని నాకు తెలుసు." అతను కౌంటర్ చెక్క వైపు చూస్తూ చెప్తున్నాడు. "తార్నాకలో టీకి పిలుద్దామని వచ్చినా ఆ పొద్దు. మీరు పుస్తకం మూసేసరికి నోటికొచ్చింది అడిగేసి పోయినా. ఇప్పుడు చెప్తే నవ్వొస్తాది గానీ."

నవ్వు రాలేదు. అతనికీ రాలేదు.

"తర్వాత మీ మెయిల్ వచ్చినప్పుడు శానా సిగ్గైపోయింది. అంత దూరంలో ఉండి గూడా మీకు పని పెట్టినానే అని." బ్యాగులోంచి ఒక చిన్న మిఠాయి పెట్టె తీసి కౌంటర్ మీద పెట్టాడు. "ఊరినుంచి తెచ్చినా. మీకూ అక్కకూ. మా మేనమామ కూతురితో ఖాయం చేసినారు ఇంట్లో. నాన్నకు బాగలేనప్పుడే మాట ఇచ్చుకున్నారు. అక్కడే కాలేజీలో పోస్టు గూడా వచ్చింది."

"కంగ్రాట్స్ అండి," అన్నాను.

ఆ మాట మెయిల్‌లో రాసినట్టు వచ్చింది.

చెప్పొచ్చు అనుకున్నాను. పుస్తకం మూసింది మీ మాట వినడానికని చెప్పొచ్చు. ఒక్క వాక్యం. మనసులో వాక్యాలు రాసుకోవడంలో నాకంటే అలవాటున్నవాళ్లు ఉండరు. కానీ ఆ పెట్టె మా మధ్య కౌంటర్ మీద ఉంది, మాట ఇచ్చుకున్నారని అతను చెప్పేశాడు. ఇప్పుడు చెప్తే ఆ భారం అతను ఊరిదాకా మోసుకుపోవాలి. ఊరికే ఏదీ పెట్టుకుని కూర్చోలేని మనిషి. నిద్ర పట్టదు.

మెషీన్ పేరు వెతికి తీశాను. లిమిట్ ఒకటి మీద ఉంది. వచ్చే ముందే తగ్గించుకుని వచ్చాడు. తీసేయమంటారా, తర్వాత తిరిగి రాదు, అని స్క్రీన్ అడిగింది. ఆ ప్రశ్న అక్కడ ఉండేలా పెట్టింది కూడా నేనే. అతని వైపు చూశాను. ఈసారి మొహమే చూశాను. ఎడమ కనుబొమ్మ దగ్గర చిన్న మచ్చ ఉంది. ఇన్ని నెలల్లో ఎప్పుడూ చూడలేదు.

"కానీండి మేడమ్," అన్నాడు.

నొక్కాను. అతను పాత అలవాటు ప్రకారం స్క్రీన్ మీద ఆ పేరు పోయేదాకా ఉండి, లేచాడు.

"థాంక్స్ మేడమ్. పోయొస్తా."

"మంచిదండి."

గుమ్మం దాటి ఎండలోకి వెళ్లాడు. వెనక్కి తిరిగాడో లేదో నాకు తెలియదు. నేను స్క్రీన్ వైపే చూస్తున్నాను. అతను వదిలిన ఆ ఒక్కటీ కలిసిపోయి, సర్వర్‌లో ఎవరికీ ఇవ్వకుండా మిగిలిన ప్రాసెసర్ ఒకటి పెరిగింది. కాసేపటికే ఫిజిక్స్‌లో ఎవరో చుక్కను కుడివైపు లాగి దాన్ని తీసుకున్నారు.

అక్క వచ్చి పెట్టె చూసింది. మూత తీసింది. నా మొహం చూసి మళ్లీ మూత పెట్టేసింది.

"పేజీ ఆయనే అడిగిండట అక్కా," అన్నాను. "నాకు ఇబ్బంది అయితుందని."

అక్క యాస నా నోట్లోకి అలా వచ్చేసింది.

"ఇద్దరికిద్దరు," అంది అక్క. "మొహమాటానికి గూడ లిమిట్ పెట్టరాదే ఒకటి." తర్వాత తన కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చుంది. ఫోన్ మోగితే తనే తీసి, "మేడం లేదు, రేపు చెయ్యి," అని పెట్టేసింది.

సాయంత్రం తార్నాక దాకా వచ్చి, మెట్రో కింద టీ బండి దగ్గర ఆగాను. ఎప్పుడూ ఆగలేదు అంతకుముందు. ఒక్కదాన్నే నిలబడి టీ తాగాను. ఇద్దరం వచ్చుంటే అతను ఎటువైపు నిలబడేవాడో ఆలోచించాను. ఇంట్లో అమ్మ, "కళ్లేంటి అలా ఉన్నాయి?" అంది. ఎండ అన్నాను.

ఇప్పుడు ఎవరొచ్చినా పుస్తకం మూయడం లేదు. తెరిచే ఉంచి, తలెత్తి, వచ్చినవాళ్ల మొహం చూస్తున్నాను. కష్టంగానే ఉంది, అయినా చూస్తున్నాను. నిన్న కెమిస్ట్రీలో కొత్తగా చేరిన ఒకమ్మాయి గుమ్మం దగ్గర ఆగింది. తెరిచి ఉన్న పుస్తకాన్ని చూసి, "సారీ మేడం, చదువుకుంటున్నరు. తర్వాత వస్త," అని వెనక్కి తిరిగింది.

"లేదు, రండి," అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే ఆ అమ్మాయి ఉలిక్కిపడింది, అక్క తల తిప్పి చూసింది. "కూర్చోండి," అన్నాను మళ్లీ, కుర్చీ మీది బ్యాగు తీస్తూ.